భీమిలిలో కలిసొచ్చిన ఎనిమిది రోజులు

మా ముఠాలో ఎవరినీ అసలు పేరుతో పిలిచేవాళ్ళం కాదు. నేను బొబ్బిలి నుంచి వచ్చేవాణ్ణి కాబట్టి ‘బొబ్బిలి’. మావయ్య కొడుకు ఒళ్ళు చూసి ‘బొండాం’. వాడి చెల్లెలు ఎనిమిదేళ్ళది. మేం ఎటు వెళ్తే అటు వెంటపడి వచ్చేది, రాత్రికి ఆ రోజు జరిగిందంతా అమ్మమ్మకి అప్పజెప్పేది. అది ‘తోక’. పెద్దమ్మ కూతురు అందరికంటే పెద్దది కాబట్టి ఉత్త ‘అప్ప’. మా వైపు అక్కని అలాగే పిలుస్తాం. చేపల పేట నుంచి వచ్చే కుర్రాడు ‘సరంగు’. పడవ వాళ్ళ నాన్నది. వీడికి ఇంకా తెడ్డు పట్టుకోవడం కూడా సరిగ్గా రాదు, అయినా మాటలు మాత్రం సరంగువే. ఇక ఆరో మనిషి ‘ఖరగ్‌పూర్’.

ఉత్తరాంధ్రలో పుట్టినవాళ్ళకి ఖరగ్‌పూర్ అంటే పరాయి రాష్ట్రం ఊరిలా అనిపించదు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచీ మా జిల్లాల వాళ్ళు అక్కడి రైల్వే పనుల్లోకి వెళ్ళి అక్కడే ఉండిపోయారు. మా వీధిలోనే ప్రతి రెండో ఇంటికీ అక్కడో బాబాయో పెదనాన్నో ఉండేవారు. ఈ పిల్ల వాళ్ళ నాన్న కూడా వర్క్‌షాపులోనే. వేసవి వచ్చిందంటే వాళ్ళమ్మతో కలిసి హౌరా మద్రాసు మెయిలెక్కి, అమ్మమ్మ ఇంటి పక్కనే ఉన్న వాళ్ళ తాతగారింట్లో దిగేది.

తను మాట్లాడే తెలుగు విని మొదటి ఏడాది మేం నవ్విన నవ్వు ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. బళ్ళో మాస్టార్లకి భయపడి మేం వదిలేసిన ‘ఏటి’, ‘ఎల్తన్నాను’, ‘సేత్తన్నాను’ అన్నీ తన నోట్లో భద్రంగా ఉండేవి. ఏ ముత్తాతో పెట్టెలో సర్దుకుని పట్టుకెళ్ళిన భాష, అక్కడ ఎవరూ దాన్ని మార్చలేదు. మధ్యమధ్యలో హిందీ. “అరే, మావిడికాయ కోసినావు గాని నమక్ ఏది?” అనేది. మేం నవ్వితే తనూ నవ్వేసేది. అదే మాకు కాస్త కష్టంగా ఉండేది, ఏడిపించినా ఏడవదు.

ఊళ్ళ గొప్పలు మాత్రం జోరుగా సాగేవి. తాతయ్య చెప్పింది పట్టుకుని, భీమిలి 1861లోనే మునిసిపాలిటీ అయ్యిందనీ, దేశంలోనే అంత పాతవి అరుదనీ మేం అనేవాళ్ళం. “మా ఊరి ప్లాట్‌ఫారం ప్రపంచంలోకెల్లా పొడుగు” అనేది తను. అప్పట్లో అది నిజమే, పుస్తకాల్లో కూడా ఉండేది. బొండాం తలగోక్కుని, “ఎంత పొడుగైతే ఏం, ఇడ్లీ బండి దూరమైపోదూ?” అన్నాడు. వాడి దృష్టి ఎప్పుడూ అసలు విషయం మీదే.

అమ్మమ్మ ఇంట్లో నుంచి సముద్రం కనబడదు, వినబడుతుంది. పెరట్లో నూతి దగ్గర నిలబడితే రాత్రి పూట ఎవరో గోనె సంచి ఈడుస్తున్నట్టు ఉండేది. గంటస్తంభం దాటి, పాత బంగళాల పక్కనుంచి లైటుహౌసు వైపు నడిస్తే పది నిమిషాల్లో ఇసక. అక్కడ నుంచి ఎడమ పక్కకి పోతే గోస్తనీ నది మొగ. ఎక్కడో అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల గుండా వచ్చిన ఏరు ఇక్కడికొచ్చి కలుస్తుంది. వేసవిలో నీళ్ళు మోకాళ్ళ లోతుకి పడిపోయేవి. ఒక కాలు నదిలో, ఒక కాలు సముద్రంలో పెట్టి ఏ నీళ్ళు ఉప్పన, ఏవి చప్పన అని నాలిక పెట్టి చూసే పోటీ ఒకటుండేది మాకు. దానివల్ల ఎవరికీ ఏమీ రాలేదు, మా అప్పకి ఒకసారి విరేచనాలు తప్ప.

పొద్దున్నే లేపడానికి అమ్మమ్మ అక్కర్లేదు, సరంగు వచ్చి గోడవతల నుంచి ఈల వేసేవాడు. అలివి వల లాగడానికి మనుషులు కావాలి. ఇది చూడనివాళ్ళకి చెప్పాలి. వలకి రెండు కొసలా రెండు పొడవాటి తాళ్ళుంటాయి. ఒక తాడు కొస ఒడ్డున మనుషుల చేతిలో పెట్టి, పడవ వల వదులుకుంటూ సముద్రంలోకి వెళ్తుంది. లోపల నెలవంకలా ఓ చుట్టు తిరిగి, ఇంకో చోట ఒడ్డుకొచ్చి రెండో కొస అందిస్తుంది. అప్పుడు రెండు తాళ్ళకీ రెండు వరసల జనం. మడమలు ఇసకలో తన్నిపెట్టి, వెనక్కి వాలి, “ఐలెస్సా” అంటూ లాగాలి. తాడు వెనక్కొచ్చిన కొద్దీ చివరివాడు వదిలేసి, నీళ్ళ దగ్గరికి పరిగెత్తి మళ్ళీ ముందు పట్టుకుంటాడు. గంట పైనే పట్టేది. అరచేతులు మండిపోయేవి.

మొదట్లో నేను ఖరగ్‌పూర్ ఏ వరసలో ఉంటే ఆ వరసలోనే దూరేవాణ్ణి. తన వెనక నిలబడితే చివరిదాకా జడ తప్ప ఇంకేం కనబడదు. ముందు నిలబడితే అదీ లేదు. తర్వాత కిటుకు తెలిసింది. వల దగ్గరపడుతున్న కొద్దీ రెండు వరసలూ ఒకదాని వైపు ఒకటి జరుగుతాయి. మొదలెట్టినప్పుడు వంద అడుగుల దూరంలో చీమలా కనబడిన మనిషి, వల సంచి ఒడ్డెక్కే వేళకి ఎదురుగా, చేతికందే దూరంలో ఉంటుంది. అప్పటినుంచీ నేను ఎదుటి వరసకి మారిపోయాను. సరంగు ఒకటి రెండు రోజులు చూసి, “ఇటు మనుషులు తక్కువేం లేరు, అటేటి నీకు పని?” అన్నాడు. వాడికి తెలుసు. పడవల వాళ్ళకి గాలి ఎటు తిరుగుతోందో ముందే తెలుస్తుంది.

లాగినందుకు కూలీగా దోసెడు నెత్తళ్ళో, నాలుగు కానగంతలో మా సంచిలో పడేసేవారు. నెత్తళ్ళయితే అమ్మమ్మ పచ్చి మామిడికాయ వేసి దాకలో వండేది. ఆ కూర నేను తర్వాత ఎన్ని చోట్ల తిన్నానో, మా ఆవిడ కూడా బాగానే చేస్తుంది గానీ, ఇలా రాస్తున్నానని ఆవిడకి తెలియకపోవడమే మంచిది.

ఇదంతా మూడు వేసవులు, 1989 నుంచి. నేను చెప్పాలనుకున్నది మూడోది. 1991. నాకు ఇంటర్ మొదటి సంవత్సరం అయ్యింది, తనకి పదకొండో తరగతి. అంతకుముందు రెండేళ్ళూ తోకని తోసుకుంటూ, బొండాం జేబులో జీడిమామిడి గింజలు కాజేస్తూ గడిచిపోయాయి. ఆ ఏడు తను బస్సు దిగగానే నాకు మాట రాలేదు. “ఏటి బొబ్బిలీ, మూగనోము పట్టినావేటి?” అంది. అవునన్నట్టు తలూపాను. తల ఎందుకూపానో నాకే తెలియదు.

మే 23కి వాళ్ళ తిరుగు టికెట్లు. ఆ తేదీ గోడ మీద కేలెండర్లో చూసినప్పుడల్లా కడుపులో ఏదో తిరిగేది. 21వ తేదీ మంగళవారం మావయ్య పొద్దున్నే తెల్ల చొక్కా వేసుకుని విశాఖ వెళ్ళాడు. ఎన్నికల రోజులు. రాజీవ్ గాంధీ ప్రచారానికి వస్తున్నారని. రాత్రి చాలా ఆలస్యంగా వచ్చి, నిద్రపోతున్న మా అందర్నీ లేపి, “ఇంత దగ్గర్నుంచి చూశానర్రా” అని అరుగు మీద రెండు స్తంభాల మధ్య దూరం చూపించాడు. ఎర్రగా ఉన్నాడట, చెయ్యి ఊపాడట. అక్కడ్నుంచి విమానమెక్కి మద్రాసు వెళ్ళిపోయాడట. మావయ్య అదంతా చెబుతున్నప్పటికే ఆయన శ్రీపెరంబుదూరులో చనిపోయి ఉంటారు. మాకు తెల్లవారాక రేడియోలో తెలిసింది.

మావయ్య అరుగు మీదే కూర్చుండిపోయాడు. తెల్ల చొక్కా ఇంకా విప్పలేదు. నిన్న చెయ్యి ఊపిన మనిషి అని అదే మాట పదిసార్లు అన్నాడు. మా మావయ్య ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే. అమ్మమ్మ చనిపోయినప్పుడు కూడా అలా ఏడవలేదు. కొట్లు మూసేశారు, బస్సుల్లేవు, విశాఖ వైపు వెళ్ళొద్దని అందరూ ఒకటే చెప్పడం. టీవీ ఉన్న ఇంట్లో వీధంతా చేరింది. తెర మీద పువ్వుల మధ్య పెట్టిన పెట్టె, వెనక సన్నగా ఏడుపు సంగీతం.

ఆ మధ్యాహ్నం పక్కింటి తాతగారు గోడ మీద చెయ్యి వేసి మా తాతయ్యతో అన్నారు, “ఈ గొడవల్లో ఆడవాళ్ళని రైలెక్కించలేను బావా. టికెట్లు పోతే పోయాయి. 31కి చూద్దాం.”

నేను నూతి దగ్గర బాల్చీ పట్టుకుని ఉన్నాను. ఎనిమిది రోజులు. లోపల మావయ్య వెక్కుతున్నాడు, బయట నేను బాల్చీ నిండా నీళ్ళు తోడి, ఎందుకో అర్థం కాక మళ్ళీ నూతిలోనే పోసి, మళ్ళీ తోడాను. సంతోషం అలా కూడా ఉంటుందని అప్పుడు తెలిసింది. దానికి నన్ను నేను ఇప్పటికీ పూర్తిగా క్షమించుకోలేదు. మే 21 వచ్చిందంటే పేపర్లో ఆయన ఫొటో వస్తుంది. నాకు ఆ బాల్చీ గుర్తొస్తుంది.

ఆ ఎనిమిది రోజుల్లో మొదటి మూడూ పిల్లల్ని బయటికి పోనివ్వలేదు. అరుగు మీద అష్టాచెమ్మా. తాటిముంజెలు. అప్ప మా అందరికీ దెయ్యాల కథలు చెప్పేది, తోక వాటిని అమ్మమ్మకి అప్పజెప్పేది. తర్వాత మెల్లగా పెద్దవాళ్ళ పట్టు సడలింది. 28వ తేదీ వైశాఖ పున్నమి. పావురాలకొండ మీదికి వెళ్ళి చంద్రోదయం చూద్దామని సరంగు అన్నాడు. కొండ మీద బౌద్ధుల కాలం నాటి ఇటుకల ఆనవాళ్ళున్నాయి. బుద్ధుడు పుట్టిన పున్నమి కదా, పుణ్యం కూడా వస్తుందని అప్ప చెప్పడంతో అమ్మమ్మ ఒప్పుకుంది.

మాది తూర్పు సముద్రం. చంద్రుడు నీళ్ళలోంచే లేస్తాడు. మొదట అంచున కుంపట్లో నిప్పులా ఎర్రగా. అది చంద్రుడని ఎవరూ అనుకోరు, ఏదో ఓడకి మంటంటుకుందనుకుంటారు. నిజంగానే బొండాం అలాగే అని అరిచాడు. తర్వాత బరువైన ఇత్తడి పళ్ళెంలా పైకొచ్చింది. ఎవరం మాట్లాడలేదు. ఖరగ్‌పూర్ నా పక్కనే ఇటుక గుట్ట మీద కూర్చుని ఉంది. మా ఇద్దరి మధ్య తోక నిద్రపోతోంది, తల నా ఒళ్ళో, కాళ్ళు తన ఒళ్ళో. తను తోక పాదానికి అంటుకున్న ఇసక దులుపుతూ, “మా కాడ సంద్రం లేదు. రాత్రుళ్ళు షంటింగు సప్పుడు ఇంటే నాకు ఇది గుర్తొస్తాది” అంది.

అంతే జరిగింది. ఇంకేం జరగలేదు. కానీ ఆ రాత్రి ఇంటికొచ్చి, తాతయ్య పద్దుల పుస్తకంలోంచి ఒక కాగితం చింపి, కరెంటు పోతే కిరసనాయిలు బుడ్డి పెట్టుకుని ఉత్తరం రాశాను. బళ్ళో తెలుగు వ్యాసాల్లో నాకు మంచి పేరు. మా మాస్టారు క్లాసులో నాచేత పైకి చదివించేవారు. పైకి చదివించడంలో ఒక సుఖం ఉంది, ఆయన ఎర్రసిరాతో ఎన్ని చోట్ల దిద్దారో మిగతావాళ్ళకి తెలియదు. ఆ రాత్రి నాకొచ్చిన తెలుగంతా ఆ కాగితం మీద పోశాను. కెరటాలు, తీరాలు, పున్నమి, హృదయం. హృదయం ఎక్కువే పడి ఉంటుంది. రెండు పక్కలా నింపేశాను.

మర్నాడు ఒలందుల సమాధుల దగ్గర ఇచ్చాను. ఎందుకక్కడ అని అడగొద్దు, అక్కడికి పెద్దవాళ్ళు రారు, అదే కారణం. డచ్చివాళ్ళు భీమిలిలో నూట యాభై ఏళ్ళకి పైగా వ్యాపారం చేసి, 1825లో ఇంగ్లీషువాళ్ళకి అప్పజెప్పి పోయారు. పోనివాళ్ళు అక్కడ పడుకున్నారు. పెద్ద పెద్ద రాతి గోపురాల్లాంటి సమాధులు, మధ్యలో ముళ్ళకంపలు, మేకలు. మిగతావాళ్ళు దాగుడుమూతల్లో ఉన్నారు. ఒక సమాధి వెనక తను దాక్కుని ఉంటే వెళ్ళి చేతిలో పెట్టేసి పారిపోదామనుకున్నాను. కాళ్ళు కదలలేదు.

తను కాగితం మడత విప్పింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. మళ్ళీ అటు తిప్పింది.

“ఏటిది, తెలుగా?”

“ఊఁ.”

“నాకు సదవడం రాదు గదా. మాది హిందీ మీడియం.”

మూడేళ్ళుగా తను మాట్లాడే తెలుగు వింటున్నాను. మాట్లాడే మనిషికి చదవడం రాకపోవచ్చన్న ఆలోచన నాకు ఒక్కసారి కూడా రాలేదు.

“నువ్వే సదివిపెట్టు” అని కాగితం నా చేతిలో పెట్టి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, బుద్ధిగా వినడానికి కూర్చుంది.

అప్పటికే బొండాం ఒక పక్కనుంచి, తోక ఇంకో పక్కనుంచి వచ్చేశారు. రాసింది చదివే ధైర్యం, వాళ్ళు లేకపోయినా నాకు ఉండేది కాదనుకోండి. గొంతు సవరించుకుని మొదలెట్టాను. “ఖరగ్‌పూర్‌కి బొబ్బిలి రాయునది. ఉభయ కుశలోపరి. మీ ఊరి ప్లాట్‌ఫారం క్షేమమని తలుస్తాను. వచ్చే వేసవికి వచ్చేటప్పుడు మా అందరికీ రసగుల్లాలు తేవలెను. బొండాంకి రెండు ఎక్కువ తేవలెను. ఇట్లు.”

బొండాం చప్పట్లు కొట్టాడు. వాడు అంత మంచి ఉత్తరం జీవితంలో విని ఉండడు.

తను మాత్రం కాగితం వెనక్కి లాక్కుని చూసింది. “రెండు పక్కలా రాసినావు, ఇంతేనేటి?”

“అక్షరాలు పెద్దవి.”

“సీమల్లాగున్నాయి గదా.”

నేనేం మాట్లాడలేదు. తను నా మొహం కేసి కాసేపు చూసి, కాగితం నాలుగు మడతలు పెట్టి గుప్పెట్లో దాచుకుంది. “సరే, నా కాడే ఉంచుతాను.”

అక్కడి నుంచి నాకు మొదలైంది టెన్షన్. వాళ్ళింట్లో ఎవరెవరికి తెలుగు చదవడం వచ్చో లెక్కేశాను. తాతగారికి వచ్చు. వాళ్ళమ్మకి వచ్చు. వాళ్ళమ్మమ్మకి రాదు, అదొక్కటే ధైర్యం. రెండు రోజులు అన్నం సహించలేదు. తోకకి రెండు గోళీ సోడాలు లంచం ఇచ్చి, ఎలాగైనా ఆ కాగితం పట్టుకురమ్మని పంపాను. అది సోడాలు తాగేసి, నేరుగా వెళ్ళి, “బొబ్బిలన్నయ్య ఆ కాగితం తిరిగిచ్చేయమన్నాడు” అని చెప్పేసింది. జవాబు కూడా మోసుకొచ్చింది: “ఇచ్చినది ఎనక్కి అడుగుతారేటి?”

31వ తేదీ మధ్యాహ్నం తగరపువలస బస్సు. మేమందరం స్టాండుకి వెళ్ళాం. సరంగు ఎండు నెత్తళ్ళ పొట్లం ఒకటి వాళ్ళమ్మ చేతికిచ్చాడు. తను కిటికీ పక్కన కూర్చుని అందరికీ చెయ్యి ఊపింది. బస్సు కదిలాక నా వైపు చూసి, “రసగుల్లాలు తెత్తాను” అని అరిచింది.

మరుసటి వేసవికి నేను వెళ్ళేసరికి పక్కింటికి తాళం. శీతాకాలంలో తాతగారు పోయారట, వాళ్ళమ్మమ్మని కూడా అక్కడికే తీసుకెళ్ళిపోయారట. ఆ మరుసటేడు నాకు కోచింగులు, ఆ తర్వాత ఉద్యోగాలు. అమ్మమ్మ పోయాక పెంకుటిల్లు అమ్మేశారు. ఇప్పుడక్కడ నాలుగంతస్తులు లేచాయి, పై వాటా నుంచి సముద్రం కనబడుతుందట. సరంగు కొన్నేళ్ళు గుజరాత్ వెళ్ళి వెరావల్ పడవల మీద పనిచేశాడు. మా వైపు కుర్రాళ్ళు చాలామంది వెళ్ళేవారు. తిరిగొచ్చి ఇప్పుడు సొంత మరపడవతో నిజం సరంగయ్యాడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, ఆ 61 రోజులూ వాడికి తీరిక. సరిగ్గా మా వేసవి సెలవుల రోజులే. ఆ టైములో ఫోన్ చేసి, ఒడ్డున బోర్లించిన పడవ మీద కూర్చుని గంటలు గంటలు మాట్లాడతాడు. ఖరగ్‌పూర్ మాట ఎప్పుడూ ఎత్తడు. నేనూ ఎత్తను.

2018లో బొండాం కూతురి పెళ్ళి. విశాఖలో. అప్ప అమెరికా నుంచి వచ్చింది. దాని వాట్సాప్ పుణ్యమా అని ఎవరెవరో దొరికారు. పెళ్ళి మండపం గుమ్మం దగ్గర ఒకావిడ నిలబడి, పక్కనున్న పెద్దమనిషికి తలుపు మీది పూల అక్షరాలు వేలితో చూపిస్తూ ఒక్కొక్కటే చదివి వినిపిస్తోంది. “శు... భ... స్వా... గ... తం.” ఆయన బెంగాలీ ఆయన, శ్రద్ధగా వింటున్నాడు. ఆవిడ జుట్టు సగం నెరిసింది. గడ్డం కింద చెయ్యి పెట్టుకోవడం చూసి గుర్తుపట్టాను.

అందరం ఒక బల్ల దగ్గర కూర్చున్నాం. వాళ్ళాయన మంచివాడు, నాతో హౌరా మెయిలు గురించి చాలాసేపు మాట్లాడాడు. కొడుకు పుణెలో ఉన్నాడట. కలకత్తాలో ఫ్లాటు. తెలుగు మాత్రం అదే తెలుగు, ఒక్క మాట అరగలేదు. నవ్వించాలని నేనే అన్నాను, “అన్నీ బాగానే ఉన్నాయి గానీ, ఇరవై ఏడేళ్ళయింది, రసగుల్లాలేవీ?”

తను పెరుగన్నంలో ఊరగాయ కలుపుకుంటూ తల ఎత్తకుండానే అంది.

“ఆ కాగితంలో రసగుల్లాల మాట ఎక్కడా లేదు గదా బొబ్బిలీ.”

వాళ్ళాయన ఐస్‌క్రీం కోసం లేచి వెళ్ళాడు. నేను నీళ్ళ గ్లాసు అందుకున్నాను.

“ఇంకోటి. హృదయం అలగ రాయకూడదు. హ కింద వట్రుసుడి ఇవ్వాల. నువ్వు రావత్తు ఇచ్చి కొమ్ము ఎట్టినావు. ఏడు సోట్లా.”